రాయవేలూరు డాక్టరమ్మ

మానవుడు పుట్టినది మొదలు గిట్టువరకు ఇతరుల సాయమును కోరుచునే యుండును. అందును రెండు వేళల ఆ యవసరము మిక్కుటముగా నుండును. ఒకటి కన్ను తెరచు వేళ. రెండవది కన్ను మూయు వేళ. ప్రసవవేదన పడు తల్లికి నేర్పుగల చేయి తోడు కావలయును. తుదిశ్వాస విడుచు రోగికి మెత్తని చేయి తోడు కావలయును. పోయినవారి కొరకు కుమిలిపోవు ఇంటివారికి ఊరట కలిగించు మనిషి కావలయును. ఇది యందరు నెరిగినదే. ఐనను ఈ సేవను ఒక విద్యగా నెంచి, దానిని మన దేశపు స్త్రీలకు నేర్పుటకు జీవితమంతయు ధారవోసినవారు అరుదు. అట్టి వారిలో నొకరు ఐడా సోఫియా స్కడ్డరు.

మన రాయలసీమలో ఆమె పేరు తెలియనివారు పెక్కుమంది యుండవచ్చును గాని, ఆమె నెలకొల్పిన ఆసుపత్రిని ఎరుగనివారు తక్కువ. బేతంచెర్ల నాపరాతి గనులలో పనిచేయు కూలివాడు మొదలు కడప, కర్నూలు పట్టణములలోని కలవారి వరకు, దగ్గరి వైద్యమునకు లొంగని జబ్బు సోకినచో, రైలెక్కి కాట్పాడిలో దిగి రాయవేలూరు పెద్దాసుపత్రికి పోవుట వాడుక. వేలూరును మనవారు రాయవేలూరందురు. ఆ ఊరు తమిళసీమలో నున్నను ఆసుపత్రి వసారాలలో తెలుగు మాట నిత్యము వినబడుచుండును. ఇందు వింత లేదు. నేటి చిత్తూరు సీమలో చాల భాగము 1911 వరకు వేలూరుతో కూడ ఉత్తరార్కాటు జిల్లాలోనే యుండెను.

ఐడా 1870 వ సంవత్సరము డిసెంబరు 9 వ తేదీన వేలూరునకు సమీపముననున్న రాణిపేటలో జన్మించెను. ఆమె పూర్వులు అమెరికా దేశస్థులు. తాతయగు జాన్ స్కడ్డరు వైద్యుడు. ఆయన 1819 లో న్యూయార్కులోని పేరుప్రతిష్ఠలను విడిచి సింహళమునకు ఓడ యెక్కెను. పిమ్మట మదరాసు ప్రాంతమునకు వచ్చెను. అమెరికా నుండి ప్రాచ్యదేశములకు వచ్చిన మొదటి మిషనరీ వైద్యుడు ఆయనయే. కుమారులును ఆయన మార్గమునే అనుసరించిరి. వారిలో కడగొట్టువాడును జాన్ అను పేరుగలవాడే. ఆయనయే ఐడా తండ్రి. ఐదుగురన్నల పిమ్మట పుట్టిన ఒకే యొక్క ఆడుబిడ్డ యగుటచే ఐడా గారాబముగా పెరిగెను.

ఆ గారాబపు బాల్యములోనే ఆమె కన్నులు ఘోరమైన దృశ్యములను చూచెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. మన పెద్దలు దానిని ధాత కరువని చెప్పుకొనిరి. ఆ కరువున కర్నూలు జిల్లా పడిన పాటు వర్ణింపనలవి కాదు. 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కలను పోల్చి చూచినచో, ఈ జిల్లా జనసంఖ్యలో ఇంచుమించు నాలుగవ వంతు తరిగిపోయినట్లు తెలియుచున్నది. తిండిలేక కొందరు, కలరా మున్నగు తెగుళ్లచే కొందరు రాలిపోయిరి. గంజి పోయుచోటునకు నడచి పోలేక దారిలోనే పడినవారెందరో! వేలూరు ప్రాంతమును ఆ కరువు విడువలేదు. తల్లిదండ్రులు ఆకటితో అలమటించు పిల్లలకు అన్నము పెట్టుచుండగా, ఆరేండ్ల ఐడా రొట్టెను తుంపి, తమ చేతితో తినుటకైన శక్తిలేని శిశువుల నోటికి అందించుచుండెను. చనిపోవుచున్న బిడ్డ ముఖమును అంత చిన్న వయస్సున చూచినవారు దానిని మరచిపోగలరా?

కాని ఆమె మనస్సు వెంటనే సేవవైపు మరలినదనుకొనరాదు. ఆ జ్ఞాపకములు ఆమెను ఈ దేశమునుండి దూరముగా నెట్టినవి. కుటుంబము అమెరికాకు పోయిన పిమ్మట తల్లిదండ్రులు మరల భారతదేశమునకు రాగా, ఐడా అచ్చటనే బంధువుల కడ నుండి, మసాచుసెట్సులోని నార్తుఫీల్డు పాఠశాలలో చదువుకొనెను. అందమును చలాకితనమును గల ఆ బాలిక, తాను తన వంశమువారివలె ఎండలలో, రోగముల నడుమ బ్రదుకబోనని నిశ్చయించుకొనెను. 1890 లో తల్లికి జబ్బుగా నున్నదని వార్త రాగా తిండివనమునకు వచ్చెను. అప్పుడు తండ్రి అచ్చట పనిచేయుచుండెను. తల్లి కోలుకొనగానే తిరిగి పోవలయునని ఆమె తలంపు.

అట్లు తలచుచున్న కాలమున ఒక రాత్రి జరిగిన సంగతి ఆమె బ్రతుకును మార్చివేసెను.

ఆ రాత్రి ఐడా దీపము ముందు కూర్చుండి యుండగా ఒక బ్రాహ్మణ యువకుడు గుమ్మము కడకు వచ్చెను. అతని భార్య పదునాలుగేండ్ల పిల్ల. ఆమె ప్రసవము కష్టమై ప్రాణము మీదికి వచ్చినది. మంత్రసాని ఇక తన వలన కాదని చేతులెత్తినది. ఐడా వచ్చి కాపాడవలయునని అతడు వేడుకొనెను. తాను వైద్యము చదువలేదనియు, తన తండ్రి వైద్యుడగుటచే ఆయనను పంపెదననియు ఐడా చెప్పెను. పరపురుషుడు తన యింటి స్త్రీని చూచుట తమ ఆచారమునకు విరుద్ధమని అతడు తల వంచుకొని వెడలిపోయెను. కొంతసేపటికి ఒక మహమ్మదీయుడు వచ్చెను. అతని భార్యయు ప్రసవవేదనలోనే యుండెను. అతడును అదే యడిగెను. అదే జవాబు విని, అదే కారణమున వెనుదిరిగెను. మరికొంత సేపటికి మరియొక గృహస్థు వచ్చెను. అతని మొరయు నదియే. అతని నిరాశయు నదియే.

ఆ రాత్రి ఐడాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగనే వీధిలో చావుడప్పు వినబడెను. గుండె దడదడలాడగా ఆమె సేవకుని పంపి విచారింపజేసెను. ముగ్గురు స్త్రీలును చనిపోయిరని వార్త వచ్చెను.

ఆ మువ్వురు భర్తలు క్రూరులని మనము తలపరాదు. క్రూరులే యైనచో చీకటిలో పరుల యింటికి పరుగెత్తుకొని వచ్చియుండరు. భార్య ప్రాణముపై వారికి ప్రీతి కలదు. తరతరముల ఆచారము వారి కాళ్లను కట్టివేసినది. మూడు మతములు లేక కులముల వారైనను వారి దుఃఖము మాత్రమొక్కటియే. ఆచారమును ఒక్క రాత్రిలో మార్చుట ఎవరి తరమును గాదు. కాని వైద్యము నేర్చిన స్త్రీ యొకతె ఆ యూరనున్నచో, ఆచారము అడ్డుపడియుండెడిది కాదు. ఈ సంగతి ఐడాకు స్పష్టముగా తోచెను. తాను వైద్యవిద్య నభ్యసించి మరలి వచ్చి ఈ దేశపు స్త్రీలకు సేవచేయుదునని ఆ యుదయముననే తల్లిదండ్రులకు తెలిపెను.

ఆ నిశ్చయమును ఆమె జారవిడువలేదు. అమెరికాకు పోయి 1895 లో ఫిలడెల్ఫియా నగరములోని మహిళా వైద్య కళాశాలలో చేరెను. పిమ్మట న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొన మొదలిడగా, అందు ప్రవేశించి 1899 లో పట్టమును పొందెను. వేలూరులో స్త్రీల ఆసుపత్రి కట్టించుటకు ధనము కావలసి యుండెను. న్యూయార్కు బ్యాంకు అధిపతి యగు షెల్ అను నతడు, మరణించిన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థము 10,000 డాలర్ల నొసగెను. ఒకని భార్యావియోగ దుఃఖము ఎందరో భార్యల ప్రాణములను నిలుపుటకు సాధనమైనది. దుఃఖమును ఇట్లు సద్వినియోగము చేయువారు ధన్యులు.

1900 వ సంవత్సరారంభమున ఐడా, ఆన్నీ హాన్‌కాక్ అను స్నేహితురాలితో కూడ వేలూరు చేరెను. తండ్రి కడ పని నేర్చుకొని అనుభవము సంపాదింపవలయునని ఆమె యాశ. ఆ యాశ నెరవేరలేదు. అదే యేట తండ్రి రోగియై మరణించెను. ఇతరుల యిండ్లలో తాను చూచిన దుఃఖము ఇప్పుడు తన యింటనే వెలసెను. ఊరివారు ఆయనను నమ్మినట్లు, ముప్పదేండ్లైన నిండని ఆయన కూతురిని నమ్ముదురా యను ప్రశ్నయు వచ్చెను.

ఐనను ఆమె తమ యింటిలోని ఒక చిన్న గదియందే వైద్యము ప్రారంభించెను. ఇంటి సేవకుని భార్యయగు సలోమి ఆమెకు తోడుపడెను. సలోమి చదివినది కాదు. కాని ధైర్యమును, శుభ్రతయు గలది. ఐడా ఆమెకు గాయము కడుగుట, కట్టు కట్టుట, పనిముట్లను మరుగునీట నుంచుట నేర్పెను. రోగులు మొదట ఒకరిద్దరు వచ్చిరి. క్రమముగా గుమ్మము ముందు చెట్లక్రింద జనము నిండెను. రెండేండ్లలో ఐదువేలమందికి చికిత్స జరిగెను. 1902 లో నలువది పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరువబడెను.

ఆసుపత్రి కట్టినంతమాత్రమున పని తీరలేదు. వైద్యురాలు శస్త్రచికిత్స చేసి మరియొక రోగి కడకు పోవును. రాత్రియంతయు రోగి మంచము ప్రక్కన నుండువారెవ్వరు? జ్వరమును చూచువారెవ్వరు? ఆ కాలమున మన సంఘమున నర్సు వృత్తికి గౌరవము లేదు. పరుల రక్తమును, చీమును, మలమూత్రములను తాకుట మైలయని కుటుంబములవారు తలచుచుండిరి. కూతురిని ఆ పనికి పంపుట పరువు తక్కువగా నెంచుచుండిరి. ఈ భావము తొలగనిదే వైద్యము నిలువదని ఐడా గ్రహించెను. 1909 లో వేలూరులో నర్సుల శిక్షణ ప్రారంభమయ్యెను. డెలియా హౌటన్ అను నర్సు దాని భారమును వహించెను. ఐడా స్వయముగా రోగుల సేవ చేయుచు, ఏ పనియు హీనము కాదని చూపుచుండెను.

నర్సు చేయు పనియెట్టిదో మనము కొంచెము తెలిసికొనవలయును. రోగి బాగుపడు నాశ యున్నప్పుడు మందు, కట్టు, పథ్యము ముఖ్యములు. ఆ యాశ తీరినప్పుడు మందు వెనుకకు తగ్గును. సేవ ముందునకు వచ్చును. మంచమున కదలలేని వానిని తరచుగా పక్కకు త్రిప్పనిచో ఒరిపిడి పుండ్లు పడును. ఎండిన పెదవులను తడిగుడ్డతో తుడువవలయును. ప్రక్కబట్టలు ముడుతలు లేక పొడిగా నుండవలయును. నొప్పి ఎప్పుడు పెరుగుచున్నదో కనిపెట్టి వైద్యునికి తెలుపవలయును. గదిలో కేకలు, రొదలు లేకుండ చూడవలయును. కన్నులు మూసియున్న వానికిని చెవులు వినవచ్చును గాన, అతని యెదుట మాట జారరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది, చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండుట. తాను ఒంటరిగా పోవుటలేదను నమ్మకము రోగికి కలుగవలయును.

ఇంటివారి సంగతియు నట్టిదే. మన దేశమున రోగి యొంటరిగా ఆసుపత్రికి రాడు. తల్లి, భార్య, తమ్ముడు, పసిబిడ్డ వెంట వత్తురు. వసారాలో చాప పరచుకొని, చెట్టుక్రింద పొయ్యి పెట్టుకొని రోజులు గడుపుదురు. లోపలినుండి ఎవరు బయటకు వచ్చినను వారి ముఖము వైపే చూచుచుందురు. వారికి అబద్ధపు టాశలు పెట్టుట పాపము. కఠినముగా మాటాడుట అంతకంటె పాపము. నిజమును మెల్లగా, ప్రక్కన కూర్చుండబెట్టి చెప్పవలయును. ఏడ్చువారిని ఏడువనీయవలయును. కడసారి చూపు చూచుటకును, తమ తమ ఆచారము చొప్పున తులసితీర్థమో, ప్రార్థనయో జరుపుకొనుటకును తావు నీయవలయును. దేహమును శుభ్రపరచి మర్యాదతో అప్పగింపవలయును. ఇవన్నియు పుస్తకము చదివినంత మాత్రమున రావు; చేయుచున్నవారిని చూచి నేర్చుకొనవలసినవి.

ఐడా ఆసుపత్రి గోడల నడుమనే కూర్చుండలేదు. రాలేని రోగుల కడకు తానే పోవలయునని తలచి, ఒక చిన్న మోటారు బండిలో మందులు నింపుకొని వారమునకొకసారి గుడియాత్తము దారిని పోవుచుండెను. దారిపొడుగున చింతచెట్ల క్రింద, మర్రిచెట్ల క్రింద రోగులు కాచియుండెడివారు. కంటిజబ్బులవారు, పుండ్లవారు, కుష్ఠురోగులు, చంటిబిడ్డల తల్లులు ఆ బండికై ఎదురుచూచుచుండిరి. చిత్తూరు సరిహద్దునకు దాపుననున్న ఆ దారిలో తెలుగు, తమిళము కలసి వినబడుచుండెను. ఇట్లు వేలూరు రోడ్డు ప్రక్క వైద్యశాలలు ప్రసిద్ధికెక్కినవి.

తానొకతె ఎంత శ్రమించినను ఈ దేశపు స్త్రీలకందరికి చాలదని ఆమె ఎరుగును. కావున స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపింప సంకల్పించెను. పట్టుమని అరడజను మంది యువతులైనను చేరరని పెద్దలు శంకించిరి. 1918 ఆగష్టు 12 వ తేదీన మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆ పాఠశాలను తెరచెను. దరఖాస్తులు ఎన్నో వచ్చెను. స్థలము చాలక పదునేడుగురిని మాత్రము చేర్చుకొనిరి. కట్టడములు చాలవు, పుస్తకములు చాలవు, ఉపాధ్యాయులు చాలరు. ఐనను మొదటి సంవత్సరపు సర్కారు పరీక్షకు కూర్చున్న పదునలుగురును ఉత్తీర్ణులైరి. పురుషుల పాఠశాలలనుండి వచ్చినవారిలో ఎక్కువమంది ఆ పరీక్షలో తప్పిపోయిరట! స్త్రీలకు కఠినవిద్య అలవడదని వాదించువారికి ఆ ఫలితమే సమాధానమయ్యెను.

వయస్సు ముదిరినను ఆమెకు విశ్రాంతి దొరకలేదు. 1938 ప్రాంతమున మదరాసు ప్రభుత్వము వైద్య పాఠశాలల తక్కువ తరగతి యోగ్యతా పత్రములను నిలిపి, విశ్వవిద్యాలయ పట్టమునే అంగీకరింపదలచెను. కళాశాలగా పెంపొందనిచో వేలూరు పాఠశాల మూతపడవలసినదే. ప్రపంచయుద్ధము జరుగుచున్న కాలమున, డెబ్బది యేండ్ల వయస్సున, ఐడా అమెరికాకు పోయి ఊరూర తిరిగి ధనము కూడబెట్టెను. 1942 లో పట్టవిద్య ఆరంభమయ్యెను. 1946 లో నర్సుల పాఠశాల కళాశాలగా మారి మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమయ్యెను. భారతదేశమున నర్సులకు పట్టవిద్య నేర్పిన మొదటి విద్యాలయములలో అది యొకటి. ఒకనాడు కూతురిని నర్సుగా పంపుటకు సిగ్గుపడిన దేశములో, నర్సు తలపై పట్టభద్రుల కిరీటము నిలిచెను. 1947 నుండి వైద్య కళాశాలలో పురుషులను సైతము చేర్చుకొనిరి.

1946 లో ఐడా బాధ్యతలను విడిచెను. కొంతకాలమునకు ఆ సంస్థకు మొట్టమొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చినది మన తెలుగు గడ్డపై, విశాఖపట్టణమున జన్మించిన డాక్టరు హిల్డా మేరీ లాజరస్ అనుట మనకు గర్వకారణము. పరదేశపు స్త్రీ నాటిన మొక్కను ఈ దేశపు స్త్రీ పెంచుట కంటె నాటినవారికి వేరొక సంతోషమేమున్నది?

ఐడా కోడైకెనాలు కొండమీద తన కడపటి దినములు గడపి, 1960 వ సంవత్సరము మే 24 వ తేదీన, తొంబదవ యేట కన్ను మూసెను. ఊరి పేరైనను లేక, డాక్టరు ఐడా, ఇండియా అని మాత్రము వ్రాసిన జాబు తిన్నగా ఆమెకు చేరెనని చెప్పుదురు. అంతటి దేశమంతటికి ఆమె చిరునామా తెలిసినదన్నమాట!

ఆమె గతించిన పిమ్మట ప్రపంచమున ఈ సేవకు క్రొత్త వెలుగు వచ్చెను. 1967 లో సిసిలీ సాండర్సు అను నామె, మొదట నర్సుగాను పిమ్మట వైద్యురాలుగాను పనిచేసి, లండను నగరమున తుది దశలోని రోగులకై ప్రత్యేకాశ్రయమును తెరచెను. 1986 లో బొంబాయి నగరమున శాంతి అవేదన సదనము అట్టి సేవకు నాంది పలికెను. బాగుచేయ వీలులేని రోగికి నొప్పిని తగ్గించి, మనస్సునకు నెమ్మది గూర్చి, ఇంటివారికి తోడుగా నిలుచు ఈ పద్ధతిని ఇప్పుడు ఉపశమన చికిత్స యందురు. తగిన శిక్షణ పొందిన నర్సులు లేనిచో ఈ చికిత్స లేదు. కావున నాడు వేలూరులో నర్సులకు చదువు చెప్పుటకు ఐడా పడిన శ్రమ నేటికిని ఫలించుచునే యున్నది.

విద్యార్థులారా! ఐడా జీవితమున గమనింపదగినది ఒకటి కలదు. ఆ మువ్వురు స్త్రీలను ఆమె కాపాడలేకపోయెను. ఎంతటి సేవ చేసినను వారు తిరిగి రారు. ఆమె ఆ దుఃఖమును ఏడ్చి మరచిపోలేదు. ఎవరిని నిందించుచు కూర్చుండనులేదు. అది మరియొక యింట జరుగకుండుటకు ఏమి చేయవలయునో ఆలోచించి, ఆ పనికి అరువది యేండ్లకు పైగా అంటిపెట్టుకొని యుండెను. మనలో అందరము వైద్యులము కాలేకపోవచ్చును. కాని మన వీధిలో ఒక ముసలివాడు మంచము పట్టినప్పుడు ఒక గ్రుక్కెడు నీళ్లందించుట, చావు జరిగిన యింటికి పోయి ఆ యింటి పిల్లవాని ప్రక్కన కాసేపు మాటలేక కూర్చుండుట అందరికిని సాధ్యమే. దానికి ధనము అక్కరలేదు, పట్టమును అక్కరలేదు. గుమ్మము కడకు వచ్చిన దుఃఖమును చూచి తలుపు మూసికొనని హృదయమున్న చాలును.